తలలో జిడ్డు, గొంగడిలో మైనం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా జిడ్డు చుట్టూనే తిరిగాయి. ఒకరికి తల సమస్య, ఒకరికి గొంగడి సమస్య, ఇంకొకరికి గొర్రె బొచ్చు సమస్య. అన్నిటినీ ఒకే చోట వేస్తున్నాం. మన వెంట్రుకా, గొర్రె ఉన్నీ రెండూ కెరాటిన్ అనే మాంసకృత్తుతోనే తయారవుతాయి. రెండింటికీ కుదురు పక్కనే తైలగ్రంథి ఉంటుంది. వాటిని మనం పాడుచేసే తీరు కూడా దాదాపు ఒకటే. జిడ్డు అనగానే మురికి అనుకుని, ఉన్నదంతా ఊడ్చేయాలని చూస్తాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఆదివారం తలస్నానం చేస్తే సోమవారం సాయంత్రానికే మాడు జిడ్డోడుతుంది. తరచూ షాంపూ పెడితే గ్రంథులు ఇంకా రెచ్చిపోతాయని, పదిహేను రోజులు తల కడగకుండా ఓపిక పడితే వాటంతటవే తగ్గుతాయని పక్కింటివాళ్లు చెప్పారు. నిజమేనా?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిజం కాదమ్మా. పాపను పదిహేను రోజులు అలా ఉంచకండి. తైలగ్రంథికి తల కడిగారో లేదో తెలిసే దారి లేదు. అది వినేది హార్మోన్ల మాట, ముఖ్యంగా ఆండ్రోజెన్లనే మగ హార్మోన్ల మాట (ఇవి ఆడవాళ్లలోనూ కొంత ఉంటాయి). అందుకే పుట్టిన కొత్తలో, తల్లి హార్మోన్ల ప్రభావం ఉన్నన్నాళ్లు పసిపిల్లల్లో జిడ్డు ఎక్కువ. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాదాపు ఉండదు. ఈడు వచ్చేసరికి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక తగ్గుతుంది. మగవాళ్లలో ముసలితనం దాకా పెద్దగా తగ్గదు.

గ్రంథి పనిచేసే తీరు కూడా చిత్రమైనదే. లోపలి కణాలు నూనెతో ఉబ్బి ఉబ్బి చివరికి పగిలిపోతాయి. ఆ పగిలిన సరుకే కుదురు వెంట పైకి వస్తుంది. దాన్ని సీబమ్ అంటారు. అందులో కొవ్వులు, కొవ్వు ఆమ్లాలు కలిపి సుమారు 57 శాతం, మైనం సుమారు 26 శాతం, స్క్వాలీన్ అనే నూనె పదార్థం సుమారు 12 శాతం ఉంటాయి. మిగిలింది కొలెస్టరాల్ వంటివి. అరచేతులకూ అరికాళ్లకూ ఈ గ్రంథులు అసలే ఉండవు. మాడు, ముఖం మీద మాత్రం కిక్కిరిసి ఉంటాయి.

మీ అమ్మాయికి రోజు విడిచి రోజు తలస్నానం సరిపోతుంది. ఒక చెంచా షాంపూను అర మగ్గు నీళ్లలో కలిపి, మాడు మీద మాత్రమే, గోళ్లతో గీరకుండా వేళ్ల కొసలతో ఒక నిమిషం రుద్దాలి. జడ పొడవునా నురగ పట్టించి రుద్దనక్కర్లేదు. కడిగేటప్పుడు కిందికి జారే నురగే జుట్టుకు చాలు. కండిషనర్ వాడితే చెవుల దగ్గరి నుంచి కిందికే రాయాలి. మాడుకు రాస్తే మర్నాటికే మళ్లీ జిడ్డులా కనిపిస్తుంది, తప్పేమో గ్రంథుల మీద పడుతుంది.

చాలామంది మరిచిపోయేది దువ్వెన. పళ్ల మధ్య బూడిదరంగులో పేరుకునేది పాత సీబమ్, చర్మపు పొట్టు. తల కడిగి ఆ దువ్వెనతోనే దువ్వితే అదంతా తిరిగి తలకెక్కుతుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పది నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. దిండు గలేబు కూడా వారానికి రెండుసార్లు మార్చండి.

జిడ్డు నిజంగా ఎక్కువో కాదో చూడాలంటే, తల కడిగి ఆరిన 24 గంటలకు ఒక పొర టిష్యూ కాగితం పాపిట మీద పది సెకన్లు అదిమి వెలుతురుకు పట్టి చూడండి. అక్కడక్కడా చుక్కలు కనిపిస్తే మామూలే. కాగితం మొత్తం పారదర్శకంగా మారితే జిడ్డు ఎక్కువే. దానికి తోడు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే షాంపూ మార్చుకుంటూ కూర్చోకుండా గైనకాలజిస్టుకు చూపించండి. అప్పుడు పరీక్ష చేయాల్సింది హార్మోన్లను.

ప్రశ్న: నాకు నడుము దాకా జుట్టు. మాడు దగ్గర నూనె, కొసలు మాత్రం చీపురు పుల్లలు. ఒకే తలలో రెండు రకాలు ఎలా? రెండేళ్లుగా పార్లర్‌లో రంగు వేయించుకుంటున్నాను.
— ఒక ఉద్యోగిని, గచ్చిబౌలి

జవాబు: ఒకే తల కావచ్చు, ఒకే వయసు మాత్రం కాదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మాడు నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కొస ఐదేళ్ల నాటిది. ఐదేళ్ల ఎండ, తలంట్లు, దువ్వెనలు అన్నీ అది చూసింది. మాడులో ఊరిన నూనె అంత దూరం దానంతటది పాకి వెళ్లదు. వెంట్రుకకు వెంట్రుక తగలాలి, దువ్వెన లాగాలి. ఉంగరాల జుట్టులో మలుపు మలుపుకీ ఆగిపోతుంది కాబట్టి ఇంకా కష్టం.

ఇది సగం సంగతే. వెంట్రుక మీద మరో నూనె పొర ఉంది, కంటికి కనిపించనంత పలచన. అది గ్రంథిలో ఊరేది కాదు. కుదురులో వెంట్రుక తయారయ్యేటప్పుడే, దాన్ని కప్పి ఉండే సన్నని పొలుసుల మీద రసాయనికంగా అతుక్కుని వస్తుంది. అందులో ముఖ్యమైనది 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం, ముద్దుగా 18-ఎంఈఏ. గొర్రె ఉన్ని పొలుసుల మీద ఉండేదీ ఇదే. నీళ్లు జారిపోవడం, దువ్వెన సాఫీగా దిగడం, తడిసినా వెంట్రుకలు చిక్కుపడకపోవడం దీని పుణ్యమే. మామూలు షాంపూ దీన్ని తీయలేదు. కానీ అమ్మోనియా, పెరాక్సైడ్ కలిసిన రంగులు, బ్లీచింగ్, జుట్టు సాగదీసే ఘాటైన క్షారపు మందులు దీన్ని ఊడదీస్తాయి. సీబమ్ పోతే రేపటికి మళ్లీ వస్తుంది. ఈ పొర పోతే ఆ వెంట్రుక మీదికి ఇక తిరిగి రాదు.

మీరే చూసుకోవచ్చు. రాలిన పొడవాటి వెంట్రుకలు పదిహేను ఇరవై పోగుచేసి, చుక్క షాంపూతో కడిగి, బాగా జాడించి ఆరబెట్టండి. కుదురు వైపు ఒక దారం, కొస వైపు ఒక దారం కట్టి పళ్లెంలో పరచండి. డ్రాపర్‌తో రెండు చోట్లా ఒక్కో చిన్న నీటిచుక్క వేయండి. రంగు తగలని కుదురు దగ్గర చుక్క ముత్యంలా నిలబడుతుంది. రంగు వేసిన కొస దగ్గర కాసేపటికే చదునై లోపలికి ఇంకిపోతుంది. లోపలికి పోయిన నీరు వెంట్రుకను ఉబ్బిస్తుంది, ఆరాక కుంచించుకుంటుంది. ప్రతి తలస్నానానికీ ఇలా జరిగి జరిగి పొలుసులు లేచిపోతాయి. మీరంటున్న చీపురు పుల్ల అలా తయారవుతుంది.

చేయగలిగింది ఇది. తలస్నానానికి గంట ముందు, కావాలంటే ముందురోజు రాత్రి, రెండు చెంచాల కొబ్బరినూనెను మెడ దగ్గరి నుంచి కొసల దాకా పట్టించండి. మాడుకు వద్దు, అక్కడ సొంత నూనె ఉంది. కొబ్బరినూనెనే ఎందుకంటే, అందులోని లారిక్ ఆమ్లం చిన్నది కావడంతో వెంట్రుక లోపలికి దిగి, తడిసినప్పుడు ఉబ్బడాన్ని తగ్గిస్తుంది. 2003లో మన దేశ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొబ్బరినూనె జుట్టులోని మాంసకృత్తు పోవడాన్ని తగ్గించింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. డిసెంబరులో నూనె సీసాలో గడ్డకడితే, అది 24 డిగ్రీల దగ్గరే పేరుకునే రకం కాబట్టి, వేడినీళ్ల గిన్నెలో కాసేపు పెడితే చాలు. పొయ్యి మీద కాచకండి.

రంగు వేయించుకోవాలంటే కొత్తగా పెరిగిన కుదుళ్లకు మాత్రమే వేయమనండి. ప్రతిసారీ కొసల దాకా లాగించకండి. గోరింటాకు మేలే, కానీ ఆకుపొడి ఒక్కటే ఉన్నదై ఉండాలి. ‘నల్ల మెహందీ’ పొట్లాల్లో సాధారణంగా పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది. అది కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ఇప్పటికే చిట్లిన కొసను ఏ నూనే అతికించదు. రెండంగుళాలు కత్తిరించేయడమే మంచిది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. కుంకుడుకాయతో పోసుకుంటే బాగానే ఉంటుంది కానీ, సబ్బుతో పోసుకుంటే జుట్టు మైనం పూసినట్టు అవుతుంది. లోపం సబ్బుదా, నీళ్లదా?
— కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: ఇద్దరూ కలిస్తేనే ఆ మైనం. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టు అవుతాయి. ఒక సీసాలో సగం బోరు నీళ్లు పోసి, సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపండి. నురగకు బదులు విరిగిన పాలలా తునకలు తేలితే అదే మీ జుట్టుకు పట్టింది. ఎంత కడిగినా వదలదు, ఎందుకంటే కడిగే నీళ్లలోనూ అదే కాల్షియం ఉంది.

కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్లకు ఈ గొడవ లేదు. పైగా కుంకుడు రసం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. సబ్బు మాత్రం క్షారం, పీహెచ్ 9 నుంచి 10 దాకా పోతుంది. క్షారం తగిలితే పొలుసులు విచ్చుకుంటాయి.

భుజాల దాకా జుట్టుకు 10 కాయలు, నడుము దాకా అయితే 15 కొట్టి గింజలు తీసేయండి. రెండు గ్లాసుల వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తో పిసికి, పల్చటి బట్టలో వడకట్టండి. బట్టలోనే, జల్లెడలో కాదు. జల్లెడ దాటిన పిప్పి జుట్టులో ఇరుక్కుంటుంది. చుండ్రు అనుకుని కంగారు పడేవాళ్లున్నారు. నూనె తల మీద మొదటి విడత నురగ రాదు, నూనె నురగను చంపేస్తుంది. రసం సరిపోలేదని ఇంకా ఇంకా పోయకండి. ఒకసారి కడిగి రెండో విడత పోస్తే సగం రసానికే నురగ వస్తుంది. రసం ఆరోజే వాడేయాలి, ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులు. కంట్లో పడితే చన్నీళ్లతో బాగా కడగండి.

జుట్టు మరీ పొడిబారిన వాళ్లకు ఒట్టి కుంకుడు ఘాటు. సగం కుంకుడు, సగం సీకాయ కలుపుకోండి. మైనం పట్టిన జుట్టుకు చివర్లో ఒక లీటరు మంజీరా నీళ్లలో (బోరువి కాదు, మున్సిపల్ కుళాయి నీళ్లు) ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసి, నిమిషం ఆగి కడిగేయండి. రెండు మూడు తలంట్లకు తెట్టు వదులుతుంది.

ప్రశ్న: చుండ్రు ఉందని రోజూ రాత్రి నూనె మర్దన చేస్తున్నాను. తగ్గకపోగా దురద పెరిగింది. పొడిబారడం వల్లే కదా పొట్టు రాలేది?
— ఒక డిగ్రీ విద్యార్థి, తార్నాక

జవాబు: చుండ్రు పొడితనం వల్ల రాదు. మాడు మీద మలసీజియా అనే ఈస్ట్ అందరికీ ఉంటుంది. దానికి కొవ్వే తిండి. సీబమ్‌లోని కొవ్వులను విరగ్గొట్టి తనకు కావలసినవి తిని, ఒలియిక్ ఆమ్లం వంటివి వదిలేస్తుంది. అవి పడని వారికి మాడు మంటపుట్టి, చర్మం త్వరత్వరగా పొట్టు వదులుతుంది. రాత్రంతా నూనె పట్టించి ఉంచితే దానికి భోజనం వడ్డించినట్టే. నూనె పెట్టిన కాసేపు పొట్టు అణిగి కనిపిస్తుంది, అందుకే మందు పనిచేసిందని భ్రమ పడతాం.

మాడుకు నూనె ఆపండి. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడండి. మాడుకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. చాలామందికి పనిచేయకపోవడానికి కారణం రాసిన వెంటనే కడిగేయడం. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడితే తిరగబెట్టడం తగ్గుతుంది. నాలుగు వారాలకూ తగ్గకపోయినా, పొలుసులు మందంగా నుదుటి దాటి వచ్చినా చర్మవైద్యునికి చూపించండి. అది సోరియాసిస్ కావచ్చు.

ప్రశ్న: మా మనవడికి నెలన్నర. మాడు మీద పసుపు చెక్కులు కట్టాయి. గోటితో తీసేయవచ్చా?
— ఒక అమ్మమ్మ, మలక్‌పేట

జవాబు: గోరు తగిలించకండమ్మా, పుండవుతుంది. పైన చెప్పిన తల్లి హార్మోన్ల ప్రభావమే ఇదీ అనుకోవచ్చు. పిల్లవాడికి బాధ, దురద ఉండవు. కొన్ని నెలల్లో అదే పోతుంది. చూడలేకపోతే, స్నానానికి పదిహేను నిమిషాల ముందు కొద్దిగా కొబ్బరినూనె రాసి, మెత్తని బ్రష్‌తో సున్నితంగా దువ్వి, పిల్లల షాంపూతో నూనె మిగలకుండా కడిగేయండి. రసి కారినా, ఎర్రబడి పాకినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: బాలింతకు చనుమొనల పగుళ్లకు డాక్టరు లానోలిన్ క్రీమ్ రాశారు. అది గొర్రె కొవ్వని మా అత్తగారు వద్దంటున్నారు. విటమిన్ డి3 మాత్రలు కూడా గొర్రె నుంచేనట. మేం శాకాహారులం.
— ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: లానోలిన్ గొర్రె మాంసంలోని కొవ్వు కాదు. కత్తిరించిన ఉన్నిని కడిగినప్పుడు నీళ్లలోకి దిగే మైనం. దానికోసం గొర్రెను చంపరు. శాస్త్రం ప్రకారం అది కొవ్వు కూడా కాదు, ఎందుకంటే మామూలు కొవ్వుల్లో ఉండే గ్లిజరాల్ అందులో లేదు. పొడవాటి కొవ్వు ఆమ్లాలు, ఆల్కహాళ్లు, కొలెస్టరాల్, లానోస్టెరాల్ వంటివి కలిసిన మైనం. తన బరువుకు రెండింతల దాకా నీటిని కలుపుకోగలదు, అందుకే పగిలిన చర్మం తడి ఆరకుండా కాపాడుతుంది. పాలిచ్చాక బఠాణీ గింజంత తీసుకుని వేళ్ల మధ్య మెత్తబరిచి రాయాలి. బాగా శుద్ధి చేసిన రకమైతే బిడ్డకు పాలిచ్చే ముందు తుడవనక్కర్లేదు. కొద్దిమందికి ఉన్ని ఆల్కహాళ్లు పడవు. ముందుగా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూసుకోవచ్చు. పగుళ్లు మానకపోతే బిడ్డ నోటిపట్టు సరిగా ఉందో లేదో చూపించండి, అసలు కారణం ఎక్కువసార్లు అదే.

డి3 సంగతి నిజమే. ఎక్కువభాగం లానోలిన్‌లోని కొలెస్టరాల్‌ను మార్చి, దానిమీద అతినీలలోహిత కాంతి పడేలా చేసి తయారుచేస్తారు. మన చర్మంలో ఎండకు జరిగేదీ ఇదే మార్పు. అదీ వద్దనుకుంటే లైకెన్ల నుంచి (రాళ్ల మీద, చెట్ల మీద నాచులా పెరిగేవి) తీసిన డి3 దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ.

ప్రశ్న: మా తాత గొంగడ్లు రెండు పెట్టెల ఉండె. వానల కప్పుకొని గొర్ల యెంట పోయేటోడు, ఒంటికి సుక్క తాకకపోతుండె. మొన్న మా కోడలు ఒకదాన్ని వాషింగ్ మెషిన్ల ఏసింది. సగమైంది, అట్ట లెక్క గట్టిగైంది. మళ్ల ఎన్కటి లెక్క అయితదా? ఇంకోదాన్నన్న ఎట్ల కడగాలె?
— ఒక పెద్దాయన, మేడ్చల్

జవాబు: పెద్దయ్యా, మొదటిది వెనకటిలా కాదు. కోడలిని కోప్పడకండి. అలవాటు కొద్దీ చాలా ఇళ్లలో జరిగేదే.

ఉన్నిపోగును కుదురు నుంచి కొసకు నిమిరితే నున్నగా ఉంటుంది, కొస నుంచి కుదురుకు నిమిరితే గరుకు తగులుతుంది. పొలుసులన్నీ ఒకే దిక్కు చూస్తాయి, ఇంటి పెంకుల్లా. వేడినీళ్లు, సబ్బు, గిరగిరా తిప్పడం మూడూ కలిస్తే ఒక్కో పోగు ఒకే దిక్కుకు పాకుతుంది, వెనక్కి రాలేదు. పొలుసులు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకుంటాయి. అట్టకట్టడమంటే ఇదే. ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల హెయిర్ కండిషనర్ కలిపి అరగంట నానబెట్టి, నలుగురు నాలుగు మూలలు పట్టి మెల్లగా సాగదీసి మంచం మీద ఆరేస్తే కొద్దిగా సాగుతుంది. అంతకంటే ఆశ వద్దు. పీటల మీదికి ఆసనాలుగా కత్తిరించుకోండి. అట్టకట్టిన ఉన్ని అంచులు పోగులూడవు, కుట్టక్కర్లేదు.

రెండోదాన్ని ముందు నీడలో దులపండి. కొత్త గొంగడైతే పడుగుకు పట్టించిన చింతగింజల గంజి మొదటి ఉతుకులో కొంత దిగి మెత్తబడుతుంది. పాతదానిలో అది ఎప్పుడో పోయి ఉంటుంది. 20 కుంకుడుకాయలు గింజలు తీసి రెండు లీటర్ల నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లార్చి వడకట్టండి. పెద్ద టబ్బులో 15 లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి, రసం కలిపి గొంగడి ముంచండి. ఇరవై నిమిషాలు ఉంచి అరచేతులతో నొక్కండి. రుద్దొద్దు, పిండొద్దు, బండకు కొట్టొద్దు. నీళ్లు వంపి, అంతే వేడిమి ఉన్న నీళ్లతో రెండుసార్లు జాడించండి. వేడి నుంచి ఒక్కసారిగా చన్నీళ్లలో వేస్తే అట్టకడుతుంది. తీగ మీద వేలాడదీయకండి, నీటి బరువుకు సాగి ఆకారం పోతుంది. పాత దుప్పటిలో చుట్టి నీళ్లు అద్ది, నులక మంచం మీద నీడలో పరచండి. కింది నుంచీ గాలి ఆడుతుంది.

తాతగారికి చుక్క తగలకపోవడానికి మూడు కారణాలు. దక్కనీ గొర్రె బొచ్చు ముతక, నేత దట్టం. పోగు లోపలికి తేమ తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకున్నా తాకితే తడిగా అనిపించదు. పైన పొలుసుల మీది నూనె పొర, మిగిలిన మైనం చినుకును జార్చేస్తాయి. బట్టల పొడి ఈ మైనాన్ని కడిగేస్తుంది. అందులోని ఎంజైములు మరకల్లోని మాంసకృత్తును తిన్నట్టే ఉన్నినీ తింటాయి. బ్లీచింగ్ అసలే వద్దు, ఉన్ని కరిగిపోతుంది.

పోయిన మైనం కొంత తిరిగి పట్టించవచ్చు. గొంగడి తూచి, కిలోకు 20 గ్రాముల శుద్ధి చేసిన లానోలిన్ తీసుకోండి. అర లీటరు మరిగే నీళ్లలో వేసి, ఒక చెంచా పిల్లల షాంపూ కలిపి, కవ్వంతో పాలలా తెల్లబడేదాకా చిలకండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తెల్లబడకముందే పోస్తే మైనం గడ్డలుగా విడిపోయి, గొంగడి మీద పసుపు జిగట మచ్చలు పడతాయి. ఆ పాలను పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి, తడి గొంగడిని ముంచి రాత్రంతా ఉంచండి. తెల్లారి జాడించకుండా నీళ్లు నొక్కి ఆరేయండి. మళ్లీ పెట్టెలో పెట్టేముందు ఎండ చూపించండి. చెమట, జిడ్డు మరకలున్న చోటే ఉన్ని పురుగు ముందు చేరుతుంది.

ప్రశ్న: దిండు గలేబుల మీద పసుపు మరకలు ఎంత ఉతికినా పోవడం లేదు.
— సికింద్రాబాద్ పాఠకురాలు

జవాబు: అది సీబమ్. స్క్వాలీన్ గాలి తగిలి పాతబడే కొద్దీ పసుపెక్కుతుంది, పోగును అంటుకుపోతుంది. చన్నీళ్లకు వదలదు. పొడి గలేబు మీదే మరక చోట గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పదిహేను నిమిషాలు ఉంచి, 50 డిగ్రీల నీళ్లలో ఉతకండి. ముందు తడిపితే లిక్విడ్ పలచబడి పనిచేయదు. పాత మరకలకు, నూలు గలేబులకు మాత్రమే, సోడియం పెర్‌కార్బొనేట్ ఐదు లీటర్లకు రెండు చెంచాలు వేసి రెండు గంటలు నానబెట్టండి. మరక ఉండగా ఇస్త్రీ చేయకండి.

ప్రశ్న: నారాయణపేట వైపు నుంచి కిలో గొర్రె బొచ్చు తెచ్చాను. వడకాలంటే ఎలా కడగాలి? అందులోని లానోలిన్ తీసి లిప్ బామ్ చేసుకోవచ్చా?
— హస్తకళల విద్యార్థిని, మాసబ్‌ట్యాంక్

జవాబు: లిప్ బామ్ మాట తర్వాత. ముందు, ఆ బొచ్చు బతికిన గొర్రెలను కత్తిరించినదే అని అడిగి తెలుసుకోండి. చచ్చిన గొర్రె బొచ్చు వద్దు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, ముడి ఉన్ని ద్వారా మనుషులకు సోకుతుంది. విదిలించేటప్పుడు గ్లవుజులు, మాస్కు వేసుకుని బయటే చేయండి.

ఒక పాయ తీసుకుని చూడండి. చర్మం వైపు కొస వేళ్లకు జిగటగా, మెరుపుగా ఉంటుంది. బయటి కొస దుమ్ము పట్టి గట్టిగా ఉంటుంది. మైనం కుదురు దగ్గర ఊరుతుంది, ఎండా వానా తగిలేది కొసకు. మన జుట్టు కథే. పాయలో మైనంతోపాటు ఎండిన చెమట ఉప్పులు కూడా ఉంటాయి. మైనం నీళ్లకు లొంగదు, చెమట ఉప్పులు చన్నీళ్లకే కరుగుతాయి. కాబట్టి రెండు మెట్లుగా కడగాలి.

పేడ అంటిన తునకలు, ముళ్లు ఏరేశాక, 250 గ్రాముల చొప్పున ఉల్లిగడ్డల వలసంచుల్లో వదులుగా నింపండి. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. తెల్లారి నీళ్లు చాయ్ రంగులో ఉంటాయి. అదే చెమట ఉప్పు, మట్టి. కత్తిరించేముందు గొర్రెలను చెరువులో కడిగి ఉంటే ఇంత రంగు దిగదు.

ఇక మైనం. అది సుమారు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గొర్రె ఒళ్లు 39 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి దాని మీద మెత్తగా ఉంటుంది, మన చేతిలో గట్టిపడుతుంది. నీళ్లు 60 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు లేకపోతే మరిగే నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలిపితే దాదాపు అంతే వస్తుంది. ఏప్రిల్‌లో పైట్యాంకు నీళ్లే కాగి ఉంటాయి కాబట్టి కుళాయి నీళ్లు కొంచెం ఎక్కువ పోయండి. ఒక సంచికి పది లీటర్ల నీళ్లు, 20 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే లిక్విడ్. ఉన్ని వేశాక పైనుంచి నీళ్లు పోయకండి, కలపకండి. అదిమి ముంచి మూత పెట్టి, ఇరవై నిమిషాల్లో తీసేయండి. అరగంట దాటి నీళ్లు 45 డిగ్రీల కిందికి పోతే కరిగిన మైనం తిరిగి ఉన్ని మీదే పేరుకుంటుంది. ఎండాక జిగటగా ఉందంటే ఇదే జరిగింది. సగం లిక్విడ్‌తో మళ్లీ ఒకసారి, ఒట్టి 60 డిగ్రీల నీళ్లలో రెండుసార్లు. బట్టల సోడా వేస్తే పని తొందరగా అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. లానోలిన్ క్షారానికి సులువుగా సబ్బుగా మారదు, ఉన్ని మాత్రం పసుపెక్కి పెళుసవుతుంది.

పూర్తిగా మైనం పోగొట్టకండి. వేలికి లేశమాత్రం జారుడు తగులుతుంటే వడకడం హాయిగా ఉంటుంది. ఒట్టిపోయిన ఉన్ని గాలికి లేచి దువ్వెనలో తెగుతుంది.

లానోలిన్ సంగతి. మెత్తని ఉన్నికి పేరుపడ్డ మెరినో జాతి గొర్రెల ఉన్నిలో బరువులో పదో వంతు, ఇంకా ఎక్కువ కూడా మైనం ఉంటుంది. మన దక్కనీ బొచ్చులో తక్కువ. వడకడానికి పనికిరాని 200 గ్రాముల తునకలను మూడు లీటర్ల నీళ్లలో, రెండు చెంచాల ఉప్పుతో, లిక్విడ్ లేకుండా సన్నని సెగ మీద గంట ఉంచండి. బట్టలో వడకట్టి, నీళ్లు సగానికి మరిగించి, రాత్రంతా చల్లార్చండి. పైన గోధుమరంగు తెట్టు కడుతుంది. దాన్ని తీసి శుభ్రమైన నీళ్లలో మళ్లీ కరిగించి, వడకట్టి, చల్లార్చడం మూడుసార్లు చేయాలి. ఒకటి రెండు చెంచాలు వస్తే బాగా వచ్చినట్టే.

అది పెదాలకు రాయకండి. పిడుదులు, గోమార్ల కోసం గొర్రెలకు పట్టించే మందులు మైనంలో కరిగి ఉండిపోతాయి. నీళ్లలో ఎన్నిసార్లు కడిగినా పోవు. 1882లో జర్మనీలో లీబ్రైక్, బ్రౌన్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్న నాటి నుంచి నేటి వరకు పరిశ్రమ శ్రమంతా ఈ శుద్ధి మీదే. ఇంట్లో తీసిన మైనాన్ని కత్తెరకు, కొడవలికి పలచగా పూయండి, తుప్పు పట్టదు. బామ్‌కు మందుల నాణ్యత ఉన్న లానోలిన్ కొనుక్కోండి.

వేడి కడుగు నీళ్లను సింకులో పోయకండి. పైపులో చల్లారి మైనం గడ్డకడితే ప్లంబరే రావాలి. ఆరుబయట మట్టిలో పోయండి. రాత్రి నానబెట్టిన మొదటి చన్నీళ్లు మాత్రం పారేయకండి. చెమట ఉప్పుల్లో పొటాషియం ఎక్కువ, సబ్బు లేదు. ఒక వంతుకు నాలుగు వంతుల మంచినీళ్లు కలిపి పూలకుండీలకు పోసుకోండి.